కాయా కాదు, పండూ కాదు

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇది మా తేజకు కాలేజీలో ఇచ్చిన డైరీ. నిరుటిది. ముందు పేజీలో పేరు రాసుకున్నాడు, తర్వాత ఏమీ రాయలేదు. ఇన్ని తెల్ల పేజీలు పారెయ్యబుద్ధి కాలేదు. అచ్చు వేసిన వారాలు ఇప్పటి వారాలకు కలవవు. కొట్టేసి రాసుకుంటున్నాను. నాది ఏడో తరగతి చదువు. తప్పులు ఉంటాయి. ఉంటే ఉండనీ, చూసేవాళ్ళెవరు.

ఈ రోజు బాగానే ఉన్నాను. పప్పు, బీరకాయ కూర వండాను.

సెప్టెంబర్ 11, గురువారం

మధు ఈ మధ్య మంచి తిండి మీద పడింది. పొద్దున వట్టి కాఫీ తాగి పోతుంది. వెంట ఒక డబ్బా నిండా పచ్చి ఆకులు, కీరా ముక్కలు. సాయంత్రం కాఫీ షాపులో డ్యూటీ చేసి వస్తుంది. అన్నం పెట్టనా అంటే "తిన్నా అమ్మా" అని పైకి పోతుంది. నర్సింగు చదువు కదా, వాళ్ళకు అన్నీ తెలుసు. చిప్సు లేదు, కేకు లేదు. ఇదివరకు ఐస్‌క్రీము బకెట్టు తెస్తే రెండు రోజులు ఉండేది కాదు. ఇప్పుడు ఆ బకెట్లలో దోసెల పిండి పోసుకుంటున్నాను.

ఆయనతో గొప్పగా చెప్పాను, చూశావా నీ బిడ్డ ఎంత కంట్రోల్లో ఉందో అని.

"ఏం కంట్రోలే, ఆకులు తినుడేనా? మనం పిల్లను కన్నమా, మేకపిల్లను కన్నమా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది, అందుకే రాసి పెడుతున్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

వీరరాఘవులు గారింటికి భోజనానికి పోయాం. రిటైరైన డాక్టరు గారు. జనవరిలో తేజ పోయినప్పుడు ఆస్పత్రిలో అన్నీ ఆయనే దగ్గరుండి చూశారు. వాళ్ళావిడ పద్మిని గారు కాకరకాయ వేపుడు వడ్డించబోతే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాశీలో వదిలేసిన మేడం" అన్నాడు, పెద్ద త్యాగం చేసినట్టు.

పద్మిని గారు కళ్ళు తుడుచుకున్నారు. నేను తలొంచుకుని పప్పు కలుపుకున్నాను. కాకరకాయ ఆయన పుట్టినప్పటి నుంచీ తినడు. తేజ అస్థికలు కలిపిన రోజు పంతులు గారు, పోయినవాడి పేరు మీద ఒక కాయ, ఒక పండు వదిలెయ్యండి, మళ్ళీ జన్మలో ముట్టకండి అంటే, ఈయన తడుముకోకుండా కాకరకాయ అన్నాడు. తర్వాత కొంచెం ఆలోచించి పనసపండు అన్నాడు. ఈ కెనడాలో, విన్నిపెగ్‌లో పనసపండు ఎవరు పెడతారు ఈయనకు! తేజ ఉంటే పడీ పడీ నవ్వేవాడు. నాన్న చూడమ్మా, గంగమ్మతో కూడా బేరమే అనేవాడు.

నన్ను అడిగితే నేను నోటితో చెప్పలేదు. మనసులో అనుకుంటే చాలన్నారు పంతులు గారు. మలీద వదిలేశాను. తేజకు అది ప్రాణం. రొట్టె నలిపి బెల్లం, నెయ్యి వేసి ముద్ద చేస్తే వేడి మీదే తినేవాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకేం కష్టంగా లేదు. దుకాణంలో బెల్లం అచ్చు కనిపిస్తే చూపు పక్కకు తిప్పుకుంటాను, అంతే.

మధు ఏం వదిలిందో నేను అడగలేదు.

పద్మిని గారి బొబ్బట్లు దూదిలా ఉన్నాయి. మధు మాత్రం "నో థాంక్స్ ఆంటీ" అంది. పద్మిని గారు మెచ్చుకున్నారు, ఈ కాలం పిల్లల్లో ఇంత నిగ్రహమా అని. నాకు గర్వంగా అనిపించింది.

సెప్టెంబర్ 18, గురువారం

కాలేజీ నుంచి ఫోను. మధు పడిపోయిందట. ఆయన ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాడు. చెప్పులు దొరకడం లేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ఏం కాలేదు. దేవుడా, ఏం కాలేదు.

ప్రాక్టికల్ క్లాసులో ఎవరికో బీపీ చూస్తూ నిలబడి అట్లే కూలిపోయింది. తలకు దెబ్బ తగల్లేదు. ఒంట్లో షుగర్ పడిపోయిందన్నారు. పొద్దుటి నుంచి ఏం తిన్నావని అడిగితే కాఫీ అంది. ముందు రాత్రి ఏం తిన్నావంటే మొహం పక్కకు తిప్పుకుంది.

పోయిన చలికాలం టర్మ్ మొత్తం పోయింది దానికి, అన్న సంగతిలో. ఇప్పుడు మళ్ళీ మొదలు పెట్టింది. వచ్చే నెల నుంచి ఆస్పత్రిలో క్లినికల్ డ్యూటీ ఉందట. అక్కడ ఇట్లా అయితే డ్యూటీకి రానివ్వరు, ఈ టర్మ్ కూడా పోతుంది. మధు దాని గురించే ఏడుస్తోంది. టర్మ్ పోతే పోనీ బిడ్డా అన్నాను. నాకు ఆ ఫోను ఇంకోసారి మోగకూడదు. ఈ పిల్ల తినాలి. ఇంకేం అక్కర్లేదు.

నిగ్రహమట. గర్వపడ్డాను కదా నేను.

సెప్టెంబర్ 21, ఆదివారం

కింద బేస్‌మెంట్‌లో అద్దెకున్న చరిత పైకి వచ్చింది. కడప పిల్ల. మధు చేసే కాఫీ షాపులోనే పార్ట్‌టైం చేస్తుంది. మధు నిద్రపోతోందా అని రెండు సార్లు అడిగి, అప్పుడు కూర్చుంది.

"ఆంటీ, నేను చెప్పినానని చెప్పొద్దు. నన్ను చంపేస్తాది."

"చెప్పను. చెప్పు."

"షిఫ్టులో ఏమీ తినదు ఆంటీ. నీళ్ళు గూడా అడిగి తాగిస్తాం. షాపు మూసేటప్పుడు మిగిలిన డోనట్లు స్టాఫుకు ఇచ్చేస్తారు. అందరూ ఒకటో రెండో తీసుకుంటారు. మధు డబ్బా తీసుకుంటాది. బస్‌స్టాప్‌లో నిలబడుకోని, గోడ దిక్కు తిరిగి, గబగబా తింటాది. పలకరిస్తే పలకదు. అంతా అయినాక ఏడుస్తాది."

"రోజూనా?"

"శానా రోజులు. మళ్ళా పొద్దున ఏమీ తినదు. నిన్నటికి శిక్ష అంటాది."

చరితకు ఉప్మా పెట్టాను. ఆ పిల్ల తింటూ "అమ్మ చేసినట్టే ఉండాది ఆంటీ" అని తనూ ఏడ్చింది. ఇద్దరం ఉప్మా ముందర కూర్చుని ఏడ్చాం. తర్వాత ఇంకొంచెం వేసుకుంది.

సెప్టెంబర్ 24, బుధవారం

కాలేజీలో తిండి గురించి చెప్పే ఆవిడ ఉందట, ఆవిడ దగ్గరికి పంపారు. పేరు రాగిణి. మన తెలుగువాళ్ళ అమ్మాయే. ఇక్కడే పుట్టింది కాబట్టి తెలుగు ఒక కాలు కుంటుతుంది, కానీ నాతో తెలుగులోనే మాట్లాడింది పాపం.

మధు ముందు ఏమీ చెప్పలేదు. నేనే, ఇంక డోనట్లు ఇంటికి రానివ్వను మేడం, షాపు కూడా మానిపిస్తాను అన్నాను.

"వద్దు ఆంటీ. స్వీట్ విలన్ కాదు. ఎంప్టీ స్టమక్ విలన్. డే అంతా తినలేదు కదా, బాడీ ఈవెనింగ్ రివెంజ్ తీసుకుంటుంది. నెవర్ అంటే అదే గుర్తు వస్తుంది, నాకు కూడా. నేను రోజూ చాక్లెట్ తింటాను. లంచ్ అయ్యాక, కూర్చుని, టూ పీసెస్."

"మీరా?" అంది మధు. అదే మొదటి మాట.

"అవును. బాగుంటుంది కదా, ఎందుకు వదలాలి?"

పొద్దున ఇంట్లోంచి కదిలే ముందు కడుపులో ఏదో పడాలట. క్లాసుకూ క్లాసుకూ మధ్య అరటిపండో, పల్లీలో. మధ్యాహ్నం అన్నమో రొట్టో, పప్పు లేకపోతే గుడ్డు, కూర, పెరుగు. తీపి తినాలనిపిస్తే అప్పుడు, ఆ భోజనం పక్కన, కొంచెం. నిలబడి కాదు, దాక్కుని కాదు. టైం లేని స్టూడెంట్లకు ఇదే ఈజీ, ముందు రోజే డబ్బా కట్టేసుకోవచ్చు అంది.

నాకు మా ఊరి పెళ్ళి విస్తరి గుర్తొచ్చింది. తీపి ముందే వడ్డిస్తారు, కానీ ఒక మూల. విస్తరంతా అదే వడ్డించరు, అసలు లేకుండా విస్తరి వెయ్యరు. అదే మాట చెప్పాను. రాగిణికి విస్తరి అంటే తెలియలేదు. మధు చెప్పింది. "ఓ, ఐ లవ్ దట్! కార్నర్!" అని నవ్వింది.

మంచి పిల్ల. పెళ్ళయిందో లేదో అడగలేదు, మధు కాలు తొక్కింది.

సెప్టెంబర్ 25, గురువారం

నిన్న రాయనిది. బస్సులో వస్తుంటే మధు కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"అమ్మా, నేను కాశీలో తీపి వదిలేసిన."

"ఏ తీపి?"

"మొత్తం. షుగర్ ఉన్నదంతా. అన్నకు ఇష్టం కదా. లైఫ్ మొత్తం తిననని మొక్కుకున్న. ఒక్క నెల కూడా ఉండలేదు. రోజూ అనుకుంటా ఇవాళ తినొద్దని. షాపులో అదే అమ్ముతా కదమ్మా, పొద్దంతా దాని వాసనే. మూసే టైముకు మైండ్ పని చెయ్యదు. అన్న కోసం ఒక్కటి... ఒక్కటి కూడా చెయ్యలేకపోయిన."

నాది నేను పట్టుకుని ఉన్నాను కదా, నువ్వెందుకు పట్టుకోలేదు అని అనలేను. నేను మలీద ఒక్కటే వదిలాను. ఇరవై ఏళ్ళ పిల్ల లోకంలో ఉన్న తీపంతా వదిలేసింది. అందులో నిలబడటానికి కూడా చోటు లేదు.

మా స్టాపు దాటిపోయింది. ఇద్దరం వెనక్కి నడిచి వచ్చాం. గాలి చల్లగా ఉంది, బాగుంది.

సెప్టెంబర్ 27, శనివారం

కాశీకి ఫోను చేశాం. ఐడియా ఆయనదే. "మొక్కు ఇచ్చినకాడనే అడుగుదాం, మనలో మనం పంచాయితీ ఎందుకు" అన్నాడు. ఇక్కడ పొద్దున, అక్కడ రాత్రి భోజనాల వేళ. కోదండరామ్ పంతులు గారు వీడియోలోకి వచ్చారు. భుజం మీద తువ్వాలు, వెనకాల ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. ఫోను డైనింగ్ టేబుల్ మీద పప్పు డబ్బాకు ఆనించి ముగ్గురం ఎదురుగా కూర్చున్నాం, వీసా ఇంటర్వ్యూకు కూర్చున్నట్టు.

మధు మొత్తం తనే చెప్పింది. డోనట్లు కూడా దాచలేదు.

పంతులు గారు అంతా విని, "అమ్మా, నేనేం వదలమన్నాను?" అన్నారు.

"ఒక కాయ, ఒక పండు అండీ."

"నువ్వేం వదిలావు?"

"తీపి."

"తీపి కాయా?"

"కాదండీ."

"పండా?"

"కాదండీ."

"మరి కాయా కాదు, పండూ కాదు. నా సంకల్పంలో దానికి చోటెక్కడుందమ్మా? నేను చెప్పించింది ఒకటి, నువ్వు అనుకుంది ఒకటి. గంగమ్మ తల్లి దాన్ని పుచ్చుకోనే లేదు. పుచ్చుకోని దాన్ని నువ్వెట్లా తప్పుతావు? హాయిగా తిను. కడుపు మాడ్చుకుని పరీక్షలు రాస్తే అన్నయ్య సంతోషిస్తాడా?"

మధు చేతులతో మొహం కప్పుకుంది. మా ఆయన గొంతు సవరించుకుని, "అదీ! నేను ముందే అన్న కదా" అన్నాడు. ఏమీ అనలేదు ఆయన.

మనసు ఊరుకోకపోతే ఇప్పుడు ఒక కాయా ఒక పండూ అనుకోమన్నారు పంతులు గారు.

"కాకరకాయ చెప్పు బిడ్డా, సుఖంగుంటవ్" అని ఆయన గుసగుస.

"వినిపిస్తోంది అంజయ్య గారూ" అన్నారు పంతులు గారు.

మధు నవ్వి, కళ్ళు తుడుచుకుని, "దొండకాయ" అంది. దానికి దొండకాయ వేపుడంటే చాలా ఇష్టం. "స్ట్రాబెర్రీ" అంది. ఎండాకాలం అన్నాచెల్లెళ్ళు ఊరి బయట తోటకు పోయి బకెట్లతో ఏరుకొచ్చేవాళ్ళు. అక్కడే సగం తినేసి పెదాలు ఎర్రగా చేసుకుని వచ్చేవాళ్ళు.

ఆయన తలొంచుకున్నాడు. "పంతులు గారూ, నేను కూడా ఇంకోటి మార్చుకోవచ్చునా" అని అడిగాడు. "కాకరకాయ గంగమ్మ పుచ్చుకుందండీ, ఇంక మార్చేది లేదు" అన్నారు.

కాయా కాదు, పండూ కాదు. నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి వచ్చాను. నాది వేరే. నేను తల్లిని.

సెప్టెంబర్ 29, సోమవారం

పై అరలోంచి తేజ స్టీలు డబ్బా తీశాను. జనవరి నుంచి తియ్యలేదు. లోపల మూడు అరలు, ఒక మూల చిన్న గిన్నె. మధు దాన్ని ఒకసారి చేత్తో తడిమింది. అన్నం, పాలకూర పప్పు, గుడ్డు, క్యారెట్ కోరు. చిన్న గిన్నెలో దుకాణంలో కొన్న బూందీ లడ్డు ఒకటి పెట్టాను.

పొద్దున పెరుగులో అటుకులు తిని బయల్దేరింది. నిలబడి తింటుంటే "రాగిణి మేడం ఏం చెప్పింది" అన్నాను. కూర్చుంది.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. తేజ పోయి ఏడాది తిరగలేదు, మనకు ఈ ఏడు లేదు. ఈ రోజు అందరిళ్ళల్లో మలీద చేస్తారు. నాకేం అనిపించలేదు.

బట్టలు ఉతికాను. శుభ్రంగా ఉన్నవి కూడా ఉతికాను.

అక్టోబర్ 2, గురువారం

అన్నం తింటోంది. కూర తింటోంది. సాయంత్రం షాపు నుంచి డబ్బా తీసుకోవడం లేదట, చరిత కళ్ళతోనే చెప్పింది. మొహంలో కొంచెం రంగు వచ్చింది. కానీ చిన్న గిన్నెలో లడ్డు పోయినట్టే తిరిగి వస్తోంది. రోజూ అదే లడ్డు. కాలేజీ చూసి వస్తోంది పాపం.

అక్టోబర్ 4, శనివారం

అడిగాను.

"పంతులు గారు తినమన్నాడు, రాగిణి మేడం తినమంది, ఇంకెవరు చెప్పాలె నీకు?"

"నువ్వు" అంది.

"నేనే కదనే పెడుతున్న!"

"నువ్వు తింటున్నవా?"

నేను లడ్డు గిన్నెకు మూత పెట్టాను.

"అమ్మా, మన ఇంట్లో మలీద ఎప్పుడు బంద్ అయింది? రొట్టె మిగిలితే చాలు చేసేదానివి. కాశీ నుంచి వచ్చినంక మిగిలిన రొట్టెలు పారేస్తున్నవ్. నువ్వెప్పుడూ తిండి పారెయ్యలేదు. నాకు తెల్వదనుకున్నవా నువ్వేం వదిలినవో?"

"నాది వేరే బిడ్డా."

"మలీద కాయా?"

నేను ఆ మూత నొక్కుతూనే ఉన్నాను.

"పండా?"

ఇంత గట్టి పిల్ల ఎప్పుడైంది ఇది. అచ్చం వాడిలాగే, నవ్వుతూ నిలదీస్తుంది. కోపం వచ్చింది నాకు. అది వదిలేస్తే ఇంక వాడి కోసం నేను చేసేది ఏముంటుంది అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన టీవీ ఆపేశాడు.

మధు దగ్గరికి వచ్చి కూర్చుంది. "చేసి పెట్టేదానివి కదమ్మా. అన్నకు నువ్వు చేసి పెట్టేదే ఇష్టం. నువ్వు వదిలింది వాడికి ఎట్ల ముడుతది?"

అక్టోబర్ 5, ఆదివారం

కూర మార్కెట్టుకు పోయాం. బెల్లం అచ్చు కొన్నాను. చూపు తిప్పుకోలేదు.

మధ్యాహ్నం రొట్టెలు చేశాను. వేడిగా ఉండగానే తుంచి, నలిపి, బెల్లం తురిమి వేశాను. నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు సోంపు. నాకు కళ్ళు కనిపించలేదు గానీ చేతులకు అన్నీ తెలుసు. మధు నేర్చుకుంటానని పక్కన నిలబడింది, చెయ్యి కాల్చుకుంది. చరిత వాసన పట్టి పైకి వచ్చింది. "ఆంటీ, ఇది మా పక్క లేదే, ఏమంటారు దీన్ని?" అని అడిగి, నేను చెప్పేలోపే ఒకటి నోట్లో వేసుకుంది.

అన్నాలు తిన్న తర్వాత నలుగురం కూర్చున్నాం. ప్లేటులో ఒక మూల, మనిషికి ఒకటి. మధు తన ముద్ద చేతిలో పట్టుకుని నన్నే చూస్తోంది. ఆయన కూడా.

తిన్నాను.

యాలకులు కొంచెం ఎక్కువయ్యాయి. వాడుంటే చెప్పేవాడు.

మధు కళ్ళు మూసుకుని మెల్లగా తింది. గోడ వైపు తిరగలేదు. ఇంకొకటి కావాలా అంటే "చాలమ్మా, రేపటికి పెట్టు" అంది. ఆయన మాత్రం ఇంకొకటి తీసుకోబోయాడు. చరిత చెయ్యి అడ్డం పెట్టి, "అంకుల్, కార్నర్! కార్నర్!" అంది. మధు చెప్పి ఉంటుంది.

అక్టోబర్ 8, బుధవారం

ఆస్పత్రిలో మధుకు మొదటి క్లినికల్ డ్యూటీ. చీకటితోనే లేచి ఇడ్లీ తిని పోయింది. రొట్టె, పెసరపప్పు, బీన్స్ కూర, పెరుగు. చిన్న గిన్నెలో మలీద ముద్ద. బ్యాగులో ఒక అరటిపండు.

రోజంతా ఫోను వైపు చూస్తూనే ఉన్నాను. ఒక్కసారి మోగింది. పద్మిని గారు, బొబ్బట్లు పంపనా అని. పంపండి, రెండు చాలు అన్నాను.

సాయంత్రం మధు వచ్చింది. పొద్దంతా నిలబడే ఉందట, ఒక ముసలావిడకు మొహం కడిగిందట, ఆవిడ చెయ్యి వదల్లేదట. చెప్తూనే సోఫాలో నిద్రపోయింది, బూట్లు కూడా విప్పలేదు.

నేను డబ్బా కడగడానికి తీశాను. అరలన్నీ ఖాళీ. చిన్న గిన్నె ఖాళీ. దాని మూతకు బెల్లం మరక కూడా లేదు, నాకేసినట్టుంది.

వాడూ అంతే, మూత నాకేవాడు. ఇంత పెద్దయ్యాక కూడా ఏం అలవాటురా అని తిట్టేదాన్ని.

కడగలేదు ఇంకా. స్టౌ పక్కన పెట్టి చూస్తున్నాను.